పనిచేసే చేతులు, పాడయ్యే చర్మం: అపోహలు – వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చర్మం ఓపీ ముందు కాసేపు నిలబడితే చాలు. తాపీ మేస్త్రీలు, మామిడి మండీ కూలీలు, క్షురకులు, హోటళ్లలో గిన్నెలు కడిగేవాళ్లు, నర్సులు, చామంతి తోటల్లో పూలు కోసేవాళ్లు వరుసలో కనిపిస్తారు. చాలామంది చేతిలో అప్పటికే వాడేసిన రెండు మూడు ట్యూబులుంటాయి. ఆ చేత్తో రోజంతా ఏం పట్టుకుంటున్నారన్న సంగతి మాత్రం పాత చీటీల్లో ఎక్కడా రాసి ఉండదు. రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో "నువ్వు చేసే పని ఏమిటి?" అన్నదాన్ని కూడా చేర్చమని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700లోనే రాశాడు. చేతి చర్మం పాడైనప్పుడు ఆ ప్రశ్నే ముందు రావాలి. పనిచేసే తీరు మారకుండా ట్యూబులు ఎన్ని మార్చినా, వాడినన్నాళ్లు తగ్గి, ఆపగానే తిరగబెడుతుంది.

అపోహ: "ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా, ఎప్పుడూ ఏమీ కాలేదు. కాబట్టి పని వల్ల వచ్చింది కాదు."

వాస్తవం: మా చర్మం ఓపీలో ఎక్కువగా వినిపించే మాట ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. పని వల్ల వచ్చే చర్మపు వాపు రెండు రకాలు. మొదటిది చర్మాన్ని అరగదీసే (ఇరిటెంట్) రకం. సబ్బు, నీళ్లు, సిమెంటు, థిన్నర్ లాంటివి చర్మం పైపొరలోని కొవ్వును కొంచెం కొంచెంగా లాగేస్తాయి. తగినంత తగిలితే ఇది ఎవరికైనా వస్తుంది, పది కేసుల్లో దాదాపు ఎనిమిది ఇవే. రెండోది అలర్జీ రకం. ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తుపట్టడం శరీరం నేర్చుకోవాలి. అందుకు తక్కువలో తక్కువ పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా పడుతుంది. అన్నాళ్లూ ఏమీ కాకపోవడం అలర్జీ లేదనడానికి సాక్ష్యం కాదు. ఒకసారి నేర్చుకున్నాక మాత్రం చిటికెడు తగిలినా చాలు.

ఇంకో చిక్కుంది. అలర్జీ రకంలో దురద, నీటి పొక్కులు తగిలిన వెంటనే రావు. ఒకటి నుంచి మూడు రోజుల తరువాత లేస్తాయి. సోమవారం పట్టుకున్నది బుధవారం బయటపడుతుంది, మనిషేమో బుధవారం తిన్న వంకాయ మీద నెపం వేస్తాడు. అందుకే ఒక నెల పాటు క్యాలెండరు మీద రెండే రెండు విషయాలు రాయమంటాం: ఆ రోజు చేసిన పని, దురద ఎక్కువైందా తగ్గిందా. నాలుగు రోజులు ఊరెళ్తే తగ్గి, పనిలోకి రాగానే తిరిగొస్తే, సగం రోగ నిర్ధారణ అక్కడే అయిపోయినట్టు.

అపోహ: "సిమెంటు పొడి దుమ్ము వల్ల దురద. తడి మాలుతో (నీళ్లు కలిపిన సిమెంటు ముద్దతో) ఏం కాదు, కాళ్లూ చేతులూ దానికి అలవాటు పడిపోయాయి."

వాస్తవం: ప్రమాదం తడిలోనే ఎక్కువ. నీళ్లు కలిపిన సిమెంటు పీహెచ్ 12 నుంచి 13 దాకా ఉంటుంది, అంటే కాస్టిక్ ద్రావణంలా చర్మాన్ని తినేసే క్షారం. స్లాబు వేసే రోజున మోకాళ్ల మీద కూర్చుని పనిచేసేవాళ్లకూ, బూట్లలోకి మాలు జారినవాళ్లకూ ఒళ్లు కాలుతుంది. అప్పుడు నొప్పి తెలియదు. సాయంత్రానికో రాత్రికో మోకాలు నల్లబడి, మరునాటికి పుండు లోతుగా కనిపిస్తుంది. మాలు బూటులోకి పోయిందని తెలిసిన క్షణమే బూటు, మేజోడు తీసేసి, అంటుకున్న మాలు దులిపి, కనీసం 20 నిమిషాలు ధారగా పారే నీటితో కడగాలి. నిమ్మకాయ రుద్దడం, పసుపు పూయడం వద్దు. ప్యాంటు బూటు లోపలికి దోపకుండా బూటు పైకి వదలాలి, మాలు లోపలికి జారదు.

అలర్జీ సంగతి వేరు. సిమెంటులో నీటిలో కరిగే క్రోమియం కొద్దిగా ఉంటుంది. చేతి వెనక, మణికట్టు, వేళ్ల పక్కలు బిరుసెక్కి, నెర్రెలిచ్చి ఏళ్ల తరబడి మానని తాపీ మేస్త్రీలలో చాలామందికి కారణం అదే. ఐరోపాలో 2005 నుంచి సిమెంటులో ఈ క్రోమియం పది లక్షల భాగాల్లో 2 భాగాలు మించకూడదని నిబంధన ఉంది. ఫెర్రస్ సల్ఫేటు కలిపితే అది హాని తక్కువ చేసే రూపంలోకి మారుతుంది. ఈ అలర్జీ ఉన్నవాళ్ల పాదాలు కూడా చూడాలి. తోలు చెప్పుల తోలును ఎక్కువగా క్రోమియంతోనే పదును చేస్తారు, కాబట్టి చెప్పు పట్టీ ఎక్కడుందో అచ్చం అదే ఆకారంలో పాదం మీద మచ్చ తేలుతుంది. అలాంటివాళ్లు రబ్బరు లేదా ప్లాస్టిక్ చెప్పులకు మారాలి. పని మానేసినా కొందరికి తగ్గకపోవడానికి ఈ చెప్పులు ఒక కారణం.

అపోహ: "మామిడికాయలు తింటే వేడి చేసి మూతి చుట్టూ పొక్కులొస్తాయి."

వాస్తవం: పొక్కులు నిజం, వేడి కారణం కాదు. కారణం సొన. తోతాపురి కాలంలో దామలచెరువు, బంగారుపాళెం మండీల్లోనూ, గుజ్జు ఫ్యాక్టరీల్లో కాయ కోసే ఆడవాళ్లలోనూ దీన్ని దగ్గరగా చూడొచ్చు. తొడిమ విరిచిన క్షణంలో సొన చిమ్ముతుంది. ముంజేతి మీద, చెంప మీద అది కారిన దారి పొడవునా రెండు రోజుల్లో నల్లటి చార పడుతుంది. ఆ చార పక్కన నీటి పొక్కులుంటే అలర్జీ కూడా కలిసిందని అర్థం. సొనలోనూ, తొక్కలోనూ ఉండే రిసార్సినాల్ జాతి నూనెలు దీనికి మూలం. జీడిపిక్క పెంకు నూనె, చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడే జీడిగింజ రసం కూడా అదే కుటుంబం, కాబట్టి ఒకటి పడనివాళ్లకు మిగతావీ పడకపోవచ్చు. గుజ్జులో ఈ నూనెలు చాలా తక్కువ. తొక్క చెక్కేసి, చేతులు కడుక్కుని, ముక్కలు కోసుకుని తింటే చాలామందికి ఏమీ కాదు. తొక్కతో పాటు పళ్లతో కొరికి చీకితేనే మూతి పొక్కుతుంది.

తోటల్లో కాయను రెండు మూడు అంగుళాల తొడిమతో కోయాలి. నీడలో కూర్చుని తొడిమ తుంచి, సొన కారిపోయే వరకు తొడిమ వైపు కిందికి బోర్లించాలి. కాయకు మచ్చ పడకుండా రైతులు ఎలాగూ చేయాల్సిన పనే ఇది, కూలీ ఒంటికీ మేలు చేస్తుంది. పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి. సొన పడితే సబ్బుతో వెంటనే, గోళ్ల కింద కూడా కడగాలి. అరగంట ఆగితే అది చర్మానికి పట్టేసి ఉంటుంది. సొన అంటిన చేత్తో కళ్లు తుడుచుకోవడం, మూత్రానికి వెళ్లడం వల్లనే కనురెప్పలు, మర్మావయవాలు వాస్తాయి.

అపోహ: "వయ్యారిభామ పీకినవాళ్లకే దురద వస్తుంది. నేను ముట్టుకోనే లేదు."

వాస్తవం: ముట్టుకోనక్కర్లేదు, గాలి చాలు. ఆకుల మీది సన్నటి నూగులో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది. ఎండిన మొక్క పొడై గాలిలో తేలినా అది ఉంటుంది. అందుకే ఈ అలర్జీ ముఖం, మెడ, మోచేతి మడతల్లో వస్తుంది. ఎండ అలర్జీ అని పొరపడకుండా ఉండటానికి ఒక గుర్తుంది. ఎండ వల్ల వస్తే పైరెప్పలు, చెవుల వెనక, గడ్డం కింద చర్మం చాలావరకు శుభ్రంగా ఉంటాయి, ఎందుకంటే అక్కడ ఎండ పడదు. గాలి ఆ చోట్లకూ చేరుతుంది కాబట్టి వయ్యారిభామ అయితే అవి కూడా ఎర్రబడి మందమవుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి ఎండ కూడా పడకుండా పోతుంది. అప్పుడు రెండూ కలిసిపోయి వైద్యం కష్టమవుతుంది.

ఈ అలర్జీ ఉన్నవాళ్లలో కొందరికి చామంతి కూడా పడదు, రెండూ ఒకే కుటుంబం. కుప్పం, పలమనేరు వైపు చామంతి పండించేవాళ్లు, తిరుపతిలో మాలలు కట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. వేలి కొనలు నెర్రెలిచ్చి బొటనవేలు, చూపుడువేలు మాత్రమే పాడయ్యాయంటే పువ్వు పట్టుకునే తీరు చూడాలి.

వయ్యారిభామను తీసేయాలంటే పూత రాకముందు, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకాలి. చేతి తొడుగులు, మాస్కు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. అలర్జీ ఉన్నవాళ్లు ఆ పనికి పోకూడదు, ఇంకొకరు చేయాలి. ఎండబెట్టి తగలబెట్టడం వద్దు. యంత్రంతో కోస్తే ముక్కలు, రసం ముఖం మీదికి చిమ్ముతాయి. ఆ మొక్కలున్న కంచె మీద బట్టలు ఆరేసే అలవాటు వల్ల తగ్గని కేసులు కూడా ఉంటాయి.

అపోహ: "క్షురకుల వేళ్ల మధ్య వచ్చేది నీళ్ల వల్ల వచ్చే పుండే."

వాస్తవం: కొన్ని అంతే, అన్నీ కావు. తిరుమల కల్యాణకట్ట లాంటి చోట రోజంతా గుండ్లు చేసే చేతుల్లో వేళ్ల సందులు నీటిలో నాని మెత్తబడి ఉంటాయి. కత్తిరించిన పొట్టి వెంట్రుక కొస సూదిలా పదునుగా ఉండి ఆ మెత్తటి చర్మంలోకి దిగుతుంది. లోపలికి దిగిన వెంట్రుక చుట్టూ గది కట్టి, పైకి చిన్న రంధ్రం మాత్రం మిగులుతుంది. నొక్కితే చీము, ఒక్కోసారి వెంట్రుక కొసే బయటికొస్తుంది. ఆయింట్‌మెంట్ పూస్తే అది మానదు. వెంట్రుకలు తీసేయాలి, గది పెద్దదైతే కోసి తీయాలి. రాకుండా ఉండాలంటే ప్రతి విరామంలో వేళ్లు బాగా విడదీసి కడిగి, పొడిగా తుడిచి, వెలుతురులో సందులు చూసుకోవాలి. గుచ్చుకున్న వెంట్రుక అప్పుడే కనిపిస్తే చిమటాతో లాగేయొచ్చు. బ్లేడు గాట్లు తప్పవు కాబట్టి రక్తం ద్వారా సోకే హెపటైటిస్ బికి టీకా మూడు డోసులు (మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు) క్షురకులందరూ వేయించుకోవాలని గట్టిగా చెబుతాం.

అపోహ: "శానిటైజర్ వల్లే నర్సుల చేతులు పాడవుతున్నాయి, సబ్బే మేలు."

వాస్తవం: చేతికి మట్టి, రక్తం కనిపించనప్పుడు గ్లిజరిన్ కలిపిన ఆల్కహాల్ రబ్ (శానిటైజర్) సబ్బు కన్నా చర్మానికి మృదువు. అప్పటికే చిట్లిన చర్మం మీద అది మండుతుంది, ఆ మంటను చూసి దాన్ని దోషిని చేస్తారు. చేతిని పాడు చేసింది అంతకు ముందు పదేపదే సబ్బుతో కడగడం. రోజుకు రెండు గంటలు చేతులు తడిలో ఉన్నా, అంతసేపు గాలి చొరని తొడుగులో ఉన్నా తడి పని, అంటే చర్మాన్ని పాడు చేసే పని, కిందే లెక్క. యాంటీసెప్టిక్ లోషను నీళ్లు కలపకుండా పోసుకోవడం ఏ పనిలోనూ మంచిది కాదు.

అపోహ: "గ్లోవ్స్ వేసుకుంటే చాలు."

వాస్తవం: ఏ గ్లోవ్స్, ఎంతసేపు అన్నది ముఖ్యం. పలచటి నైట్రైల్ (కృత్రిమ రబ్బరు) గ్లోవ్స్‌లోంచి థిన్నర్ లాంటి ద్రావకాలు నిమిషాల్లో లోపలికి వస్తాయి. లోపలికి వచ్చాక తొడుగు వాటిని చర్మానికి అదిమి పట్టి ఉంచుతుంది, అంటే ఉత్త చేతికన్నా చెడ్డ. గిన్నెలు కడిగేవాళ్లు పొడుగు రబ్బరు తొడుగు లోపల పలచటి నూలు తొడుగు వేసుకోవాలి. చెమటకు తడిస్తే నూలుదాన్ని మార్చాలి. చిన్న చిల్లు పడ్డా పారేయాలి. చేతి వెనక మొదలై మణికట్టు దగ్గర గీత గీసినట్టు ఆగిన దద్దురు కనిపిస్తే తొడుగు రబ్బరులో కలిపే రసాయనాలనే అనుమానించాలి. అప్పుడు వాటిని వాడకుండా చేసిన తొడుగులు దొరుకుతాయి.

అపోహ: "మెడికల్ షాపులో ఇచ్చే మూడు మందుల క్రీము రాస్తే రెండు రోజుల్లో తగ్గిపోయింది."

వాస్తవం: తగ్గింది ఎరుపు, దురద మాత్రమే. అందులోని స్టెరాయిడ్ వాటిని అణచేస్తుంది. అడుగున ఫంగస్ ఉంటే అది రూపం మార్చుకుని విస్తరిస్తుంది. అంచు కనిపించదు, డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. గజ్జల్లో వాడితే చారలు పడతాయి, అవి మళ్లీ పోవు. 2018లో ప్రభుత్వం స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. మచ్చ అంచు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఫంగస్ ఉందో లేదో కొద్ది నిమిషాల్లో తేలుతుంది. డాక్టరు రాసిన స్టెరాయిడ్ క్రీము కూడా కొలత ప్రకారం రాయాలి. వేలి కొన నుంచి మొదటి గీత వరకు తీసిన క్రీము అర గ్రాము, ఒక చేతి రెండు వైపులకూ సరిపోతుంది.

అపోహ: "చేతి ఎగ్జిమా అంటుకుంటుంది, వాళ్లను విడిగా కూర్చోబెట్టాలి."

వాస్తవం: ఎగ్జిమా అంటే ఇక్కడ చెప్పిన చర్మపు వాపే, అది అంటుకోదు. అంటుకునేది గజ్జి. రాత్రిపూట దురద ఎక్కువై, ఇంట్లో మరొకరికి కూడా ఉంటే అది గజ్జే కావొచ్చు, అప్పుడు ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు రాయాలి.

అపోహ: "రక్తపరీక్షలో ఏది పడదో తెలిసిపోతుంది."

వాస్తవం: చేతి అలర్జీకి రక్తపరీక్ష సమాధానం ఇవ్వదు, ప్యాచ్ టెస్ట్ ఇస్తుంది. వీపు మీద చిన్న గిన్నెల్లో అనుమానం ఉన్న పదార్థాలు అంటిస్తారు. సోమవారం అంటిస్తే బుధవారం తీసి చూస్తారు, శుక్రవారం మళ్లీ చూస్తారు. కొన్ని వారం రోజులకు తేలుతాయి. ఆ రోజుల్లో వీపు తడపకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. మన తిరుపతి మే నెల ఎండలో పట్టీలు ఊడిపోతాయి, కాబట్టి వీలుంటే డిసెంబరు, జనవరిలో పెట్టించుకోవడం మేలు. వీపు మీద వారం ముందు నుంచి స్టెరాయిడ్ క్రీము రాయకూడదు. స్టెరాయిడ్ మాత్రలు మింగుతుంటే ముందే చెప్పాలి. సొంతంగా సిమెంటు, థిన్నర్ లాంటివి నేరుగా చర్మానికి అంటించి చూడొద్దు, కాలుతుంది. పరీక్షకు వచ్చేటప్పుడు పనిలో వాడే డబ్బాల లేబుళ్లు, గ్లోవ్స్ ఒక జత, చెప్పులు, రోజూ రాసుకునే నూనె వెంట తెచ్చుకోండి. ఫ్యాక్టరీలో ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఉన్నవాళ్లు ఈఎస్ఐ కార్డు కూడా తేవాలి. రసాయనాలు, పెయింట్ల వల్ల వచ్చే చర్మవ్యాధి, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలోనే ఉండేది, కాబట్టి చీటీ మీద పని పేరు, పదార్థం పేరు స్పష్టంగా రాయించుకోవాలి.