వరంగల్ వానలు, ఒక పరిశోధన వ్యాసం, సైటేషన్ల లెక్క

2023 జులై 27 ఉదయం ఎనిమిదిన్నరకు ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. తెలంగాణలో అంతకుముందున్న రికార్డు 2013 జులైలో వాజేడులో కురిసిన 517.5 మిల్లీమీటర్లు, అదీ నేటి ములుగు జిల్లాలోనిదే. ఇలాంటి కుంభవృష్టి కురిసినప్పుడల్లా శాస్త్రవేత్తలు ప్రస్తావించే అధ్యయనాల్లో 2006 డిసెంబరులో 'సైన్స్' పత్రిక ప్రచురించిన నాలుగు పేజీల వ్యాసం ముందుంటుంది. దాని ప్రధాన రచయిత భూపేంద్రనాథ్ గోస్వామి.

అస్సాంలో పుట్టిన గోస్వామి అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలో ప్లాస్మా భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసి, ఆ తర్వాతే వాతావరణం వైపు మళ్లారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆయన ఎక్కువ కాలం పనిచేసింది రుతుపవనాలను ఎంత ముందుగా అంచనా వేయగలమన్న ప్రశ్న మీద. జగదీశ్ శుక్లాతో కలిసి 1991లో సముద్ర, వాతావరణ సంయుక్త నమూనా మీద రాసిన వ్యాసం, కృష్ణమూర్తి, అన్నామలైలతో కలిసి 1999లో ప్రతిపాదించిన రుతుపవన సూచిక ఆ కోవలోవే. 1995లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. 2006 నుంచి 2013 దాకా పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా ఉన్నారు. అంటే సైటేషన్లు, అనగా ఇతర పరిశోధకులు తమ వ్యాసాల్లో దాన్ని ఉదహరించిన సందర్భాలు, వేలల్లోకి చేరిన ఆ 2006 వ్యాసం వచ్చే నాటికే ఆయన పేరు స్థిరపడింది.

ఆ వ్యాసం చెప్పిన విషయం చిన్నదే. 1951 నుంచి 2000 వరకు మధ్య భారతంలో రోజుకు 100 మిల్లీమీటర్లు దాటే వానలు పెరిగాయి, మామూలు వానలు తగ్గాయి. రెండూ ఒకదానికొకటి సరిపోవడంతో సీజన్ మొత్తం వర్షపాతంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. సగటు మాత్రమే చూసేవారికి దొరకని మార్పును బయటపెట్టడమే దాని బలం. ఇక్కడ 'మధ్య భారతం' అంటే ఉత్తర అక్షాంశం 16.5 నుంచి 26.5 డిగ్రీల వరకు, తూర్పు రేఖాంశం 74.5 నుంచి 86.5 డిగ్రీల వరకు ఉన్న దీర్ఘచతురస్రం. మనల్ని మనం మధ్య భారతీయులమని ఎన్నడూ అనుకోకపోయినా, ఉత్తర తెలంగాణ అంతా అందులోనే ఉంది.

సైటేషన్లను లెక్కగట్టడం అంతకు చాలాముందే మొదలైంది. అమెరికా సమాచార శాస్త్రవేత్త యూజీన్ గార్‌ఫీల్డ్ దీన్ని 1955లో ప్రతిపాదించి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌గా వెలువరించినప్పుడు దాని ప్రధాన ఉద్దేశం ఒక వ్యాసం నుంచి దానికి సంబంధించిన మరో వ్యాసాన్ని వెతికి పట్టుకోవడం. అది మనుషులను తూచే తూనిక కావడం తర్వాతి సంగతి. 2005లో జార్జ్ హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ ఆ పనిని ఒక్క అంకెలోకి కుదించింది: కనీసం 20 సార్లు చొప్పున ఉదహరింపబడిన వ్యాసాలు 20 ఉంటే ఆ శాస్త్రవేత్త సూచిక 20. మన దేశంలో విద్యాసంస్థల జాతీయ ర్యాంకింగ్ విధానమైన ఎన్ఐఆర్ఎఫ్ కూడా 2016 నుంచి సైటేషన్లను లెక్కలోకి తీసుకుంటోంది కనుక వరంగల్ ఎన్ఐటీకైనా కాకతీయ విశ్వవిద్యాలయానికైనా సైటేషన్ల లెక్కను పట్టించుకోక తప్పదు.

అయితే సైటేషన్ అంటే ఆమోదం కాదు. 2012లో ఐఐటీ బొంబాయికి చెందిన సుబిమల్ ఘోష్ బృందం దేశమంతటా అతివృష్టి ఒకే తీరుగా పెరగడం లేదని, చోటుకూ చోటుకూ తేడా పెరుగుతోందని వాదించింది. 2017లో రాక్సీ మాథ్యూ కోల్ బృందం, మధ్య భారతంలో విస్తృతంగా కురిసే అతి భారీ వర్షాలు 1950 తర్వాత మూడింతలయ్యాయని చూపింది. విభేదించినదాన్నీ బలపరిచినదాన్నీ సైటేషన్ల పట్టిక వేరు చేసి చూపదు.

దానికి కనిపించని మరొక సంగతి, నా దృష్టిలో ఇంకా ముఖ్యమైనది, ఆ వ్యాసాల్లోని వాన లెక్కలకు ఆధారమైన దత్తాంశం (డేటా). గోస్వామి బృందం వాడింది ఎం. రాజీవన్ తదితరులు భారత వాతావరణ శాఖ కోసం 1803 వర్షమాపక కేంద్రాల కొలతల నుంచి తయారుచేసిన, ఒక్కో డిగ్రీ గడులుగా విభజించిన రోజువారీ పట్టిక. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు గేజి మూత తీసి, లోపలి సీసాలో చేరిన నీటిని కొలపాత్రలో పోసి, గీత చూసి రిజిస్టరులో రాసిన ఉద్యోగి పని అందులో ఉంది. రాజీవన్ వ్యాసానికీ సైటేషన్లు బాగానే వచ్చాయి. రిజిస్టరు రాసినవారికి మాత్రం ఏ ఇండెక్సులోనూ చోటు లేదు.

ఒక డిగ్రీ గడి అంటే దాదాపు 110 కిలోమీటర్ల చదరం. హనుమకొండ నుంచి భూపాలపల్లికి ఉన్న దూరం కన్నా అది పెద్దది. లక్ష్మీదేవిపేట వానను అంత గడి మీద సగటు కడితే 649.8 ఎంతో పలచబడిపోతుంది. 2014లో పాయ్ తదితరులు 6955 కేంద్రాలతో పావు డిగ్రీ పట్టికను తెచ్చాక ఈ ఇబ్బంది కొంత తగ్గింది. అయినా లక్నవరం, రామప్ప, పాకాల వంటి చెరువుల కట్టలు ఎంత వరదను తట్టుకోవాలో తేల్చాలంటే మండలాల స్వయంచాలక కేంద్రాల కొలతలను చెరువు పరీవాహకాల వారీగా పరిశీలించాలి. అలాంటి వ్యాసాన్ని ఉదహరించేవారు సహజంగానే కొద్దిమంది ఉంటారు. దేశం మొత్తం మీద రాసిన వ్యాసంతో దాని సైటేషన్లను పోల్చి పరిశోధకుడి స్థాయిని నిర్ణయిస్తే, ఇక్కడి విద్యార్థి ఆ చెరువులను వదిలి జాతీయ పట్టికనే ఎంచుకుంటాడు.