బెంగాజీ వీధి పోరు: అపోహలు - వాస్తవాలు

సైన్యంలో మందుపాతరలు తీసే పని చేసి రిటైరయ్యాను. నగర యుద్ధం గురించి అడిగిన వాళ్లకు నేను చెప్పేది లిబియాలోని బెంగాజీ కథే.

అపోహ: ఒక పక్క సైన్యం, ఇంకో పక్క ఇస్లామిస్టు మిలీషియాలు. అంతే.

వాస్తవం: అంత తేలిగ్గా తేలదు. 2014 మే 16న ఆ మిలీషియాలపై దాడి మొదలుపెట్టేనాటికి ఖలీఫా హఫ్తార్ మాజీ జనరల్ మాత్రమే. ట్రిపోలీ ప్రభుత్వం దాన్ని కుట్ర అంది. దేశం తూర్పున విడిగా నడిచిన పార్లమెంటు ఆయన్ని సైన్యాధిపతిగా నియమించింది 2015 మార్చిలో. ఆయన వెంట సైకా అనే ప్రత్యేక దళం కమాండోలతో పాటు పేటల కుర్రాళ్లు, మద్ఖలీ సలఫీలనే కరడుగట్టిన మతవాదులూ పోరాడారు. మతవాదులు ఒక్క వైపే ఉన్నారనుకుంటే పొరపాటే. అవతల అన్సార్ అల్ షరియా అనే ఇస్లామిస్టు సాయుధ ముఠాతో చేతులు కలిపిన దళాల్లో కొన్ని గద్దాఫీని కూల్చిన 2011 విప్లవం తర్వాత ప్రభుత్వ జీతం తిన్నవే.

అపోహ: ట్యాంకులు, విమానాలు ఎవరివైతే ఊరు వాళ్లదే.

వాస్తవం: మరి మూడేళ్లు ఎందుకు పట్టింది? టీ-72 ట్యాంకు గొట్టం సుమారు 14 డిగ్రీలకు మించి పైకి లేవదు. 20 మీటర్ల దూరంలో ఉన్న మేడ మూడో అంతస్తు కిటికీలో కూర్చున్నవాణ్ణి అది కొట్టలేదు. సబ్రీ లాంటి పాత పేట సందుల్లో వెనక్కి జరగడానికీ చోటుండదు. ఇలాంటి చోట వీధిలోకి రాకుండా గోడకు కన్నం పెట్టి పక్కింట్లోకి దూరాలి. రోజంతా తంటాలు పడ్డా వీధి మలుపు దాటకపోవచ్చు.

అపోహ: జనం ముందే వెళ్లిపోతారు.

వాస్తవం: గన్‌ఫూదా అనే బెంగాజీ పేటలో 2017 మార్చి దాకా కుటుంబాలు ముట్టడిలో చిక్కుకున్నాయి. 15 నుంచి 65 ఏళ్ల మగవాళ్లను వదలం, మిగతావాళ్లు రావచ్చు అంది సైన్యం. కొడుకును వదిలి ఏ తల్లి కదులుతుంది?

అపోహ: గెలిచామని ప్రకటిస్తే యుద్ధం అయిపోయినట్టే.

వాస్తవం: హఫ్తార్ 2017 జులై 5న ప్రకటించాడు. పాత బెంగాజీలోని ఖ్రేబిష్‌లో డిసెంబరు దాకా కాల్పులు ఆగలేదు. మా పని అక్కడే మొదలవుతుంది. గొళ్లెం వెనక బాంబుకు కట్టిన సన్నని తీగ ఉందేమో చూడకుండా తలుపు తీయం. లైటు స్విచ్ వేయం, ఫ్రిజ్ ముట్టుకోం. ఇంటాయన అలా కాదు, ఇన్నాళ్లకు ఇల్లు చేరానని నేరుగా వెళ్లి తలుపు తోస్తాడు. అలా తిరిగొచ్చి పోయినవాళ్లున్నారు. సరైన పరికరాల్లేక, మందుపాతరలు తీయబోయి పోయిన సైనిక ఇంజినీర్లూ ఉన్నారు.