లివర్ సిరోసిస్ రోగికి ఆహారం: అపోహలు – వాస్తవాలు

లివర్ సిరోసిస్ (కాలేయం మచ్చలుపడి గట్టిపడే జబ్బు) ముదిరి పొట్టలో నీరు చేరే దశకు వచ్చినవారిలో సగం మందికి పైగా పోషకాహార లోపం ఉంటుంది. లివర్ వార్డులో డైటీషియన్‌గా పనిచేసే నాకు ఎక్కువ బాధ కలిగించేది ఏమిటంటే, ఆ లోపంలో కొంత భాగానికి కారణం జబ్బు కాదు, ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ పెట్టే చప్పిడి పథ్యం.

అపోహ: పప్పు, గుడ్లు, పాలు పెడితే అమ్మోనియా (ప్రొటీన్ అరిగేటప్పుడు పుట్టే విషపదార్థం) పెరిగి రోగికి మగత కమ్ముతుంది.

వాస్తవం: ఒకప్పుడు వైద్యులు కూడా ఇలాగే చెప్పేవారు కాబట్టి కుటుంబాలను తప్పుపట్టలేము. అయితే 2004లో బార్సిలోనా వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, మగతతో ఆసుపత్రిలో చేరినవారికి ప్రొటీన్ తగ్గించడం వల్ల అదనపు మేలేమీ కనిపించకపోగా, వారి ఒంట్లోని ప్రొటీన్ మరింతగా కరిగింది. కాలేయం చేయలేకపోతున్న అమ్మోనియా శుద్ధిలో కొంత భాగాన్ని కండరాలే చేస్తాయి. వాటిని ఎండగడితే మగత ముప్పు పెరుగుతుంది. ఒంట్లో చేరిన నీటిని మినహాయించి లెక్కించిన బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్, 30 నుంచి 35 కిలో కేలరీల శక్తి అవసరం. అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ కావాలి, కానీ ఒక గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములే. మాంసం పడనివారికి పప్పులు, పెరుగు, పాలు బాగా సరిపోతాయి. మగత వస్తే ముందుగా వెతకవలసినవి మలబద్ధకం, ఇన్ఫెక్షన్, రక్తస్రావం, నిద్రమాత్రలు.

అపోహ: రాత్రి పెందలాడే తిని, మళ్లీ ఉదయం దాకా కడుపును ఖాళీగా ఉంచితే కాలేయానికి విశ్రాంతి దొరుకుతుంది.

వాస్తవం: సిరోసిస్ ఉన్న కాలేయంలో గ్లైకోజెన్ (కాలేయం దాచుకునే చక్కెర) నిల్వలు తక్కువ కాబట్టి, ఒక్క రాత్రి ఉపవాసమే ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తున్నంత పని చేసి కండను కరిగిస్తుంది. పడుకునే ముందు కనీసం 50 గ్రాముల పిండిపదార్థం అందేలా పాలతో రెండు మూడు పుల్కాలో, పాలు కలిపిన చిక్కటి రాగిజావో ఇవ్వాలి. ఏకాదశి, రంజాన్ ఉపవాసాల విషయం ముందుగా వైద్యుడితో మాట్లాడాలి. ఎండోస్కోపీ కోసం పరగడుపున ఉంచి, మధ్యాహ్నానికి వాయిదా వేసి, మర్నాడు మళ్లీ పస్తుంచడం ఆసుపత్రుల్లో మామూలైపోయింది; పరీక్షను ఉదయాన్నే పెట్టమని అడిగే హక్కు మీకుంది.

అపోహ: బరువు తగ్గలేదు కాబట్టి పోషణకు లోటు లేదు.

వాస్తవం: పొట్టలోని నీరు తూకాన్ని మోసం చేస్తుంది. కణతలు, భుజాలు, తొడలు చూడండి. చేతి పట్టు తగ్గిందా, కుర్చీలోంచి లేవడానికి చేతుల ఊతం కావలసి వస్తోందా గమనించండి.

అపోహ: ఆల్బుమిన్ బాటిల్ ఎక్కిస్తే బలం వస్తుంది.

వాస్తవం: ఆల్బుమిన్ రక్తంలో ఉండే ఒక ప్రొటీన్; ఆ బాటిల్ ఆహారం కాదు. పొట్టలోంచి 5 లీటర్లకు మించి నీరు తీసినప్పుడు, ఆ నీటిలో ఇన్ఫెక్షన్ సోకినప్పుడు, కిడ్నీలు దెబ్బతింటున్నప్పుడు రక్తప్రసరణను కాపాడేందుకు వాడే మందు. బలం కోసం దానికి వేలు ఖర్చుపెట్టే కుటుంబాలు ఆ డబ్బును పాలకు, గుడ్లకు వెచ్చిస్తే రోగికి నిజంగా మేలు.

అపోహ: ఉప్పు పూర్తిగా మానేయాలి.

వాస్తవం: ఊరగాయలు, అప్పడాలు మానాలి. వంటలో మాత్రం రోజంతటికీ సుమారు 5 గ్రాముల ఉప్పు ఉండవచ్చు. చప్పిడి కూడు తినలేక పస్తుండటం అంతకంటే ప్రమాదం.

అపోహ: సపోర్టివ్ కేర్ (బాధలను తగ్గించే వైద్యం) అంటే ఇక చేసేదేమీ లేదని అర్థం.

వాస్తవం: ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదై కాలేయ మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవారికి కూడా నొప్పి, దురద, నిద్రలేమి, దిగులు తగ్గించే వైద్యం అవసరమే. నొప్పికి మందుల షాపులో దొరికే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి కిడ్నీలను దెబ్బతీస్తాయి; వైద్యుడి సలహాతో రోజుకు 2 గ్రాములు మించని పారాసెటమాల్ వాటికంటే భద్రం.