అపోహలు – వాస్తవాలు: బ్రిటన్‌లో గది అద్దెకుండే ఒంటరివారికి అందే ఇంటి అద్దె సాయం

“ఒంటరిగా ఫ్లాటు తీసుకుంటే ప్రభుత్వం అద్దె సాయం కూడా ఫ్లాటు రేటునే ఇస్తుందట కదండీ?” తూర్పు లండన్‌లోని మా సలహా కేంద్రానికి వచ్చే తెలుగువారి నోట నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. అడిగేవారి మీద నాకు విసుగు లేదు. ఉద్యోగం పోయి, అద్దె గడువు తరుముకొస్తుంటే ఎవరైనా ఏదో ఒక ఆశను పట్టుకుంటారు. నా విసుగంతా, తాము ఒక్క దరఖాస్తయినా పెట్టకుండా వారాంతపు విందుల్లో ఆ “అట”ను పంచిపెట్టేవారి మీదనే.

అపోహ: ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి రేటు వస్తుంది.

వాస్తవం: రాదు. ప్రైవేటు ఇంట్లో అద్దెకుంటూ యూనివర్సల్ క్రెడిట్ (పని లేనివారికి, తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) తీసుకునేవారికి అద్దె భాగంగా అందే మొత్తం లోకల్ హౌసింగ్ అలవెన్స్ రేటును, అనగా ఆ ప్రాంతానికి ప్రభుత్వం కట్టిన అద్దె పరిమితిని, దాటదు. భాగస్వామి గానీ పిల్లలు గానీ వెంట లేని, 35 ఏళ్లు నిండని వ్యక్తికి వర్తించేది షేర్డ్ అకామడేషన్ రేటు, అనగా నలుగురూ కలిసి ఉండే ఇంట్లో ఒక గదికి కట్టిన లెక్క. అతడు గదిలో ఉన్నా, స్టూడియోలో ఉన్నా, సింగిల్ బెడ్‌రూం ఫ్లాటులో ఉన్నా ఆ పరిమితి పెరగదు. 2012 జనవరికి ముందు ఈ కట్టడి 25 ఏళ్లలోపు వారికే ఉండేది. ఆ రోజుల్లో ఇరవై ఎనిమిదేళ్లకే ఫ్లాటు రేటు అందుకున్నవారు ఇప్పటికీ తమ అనుభవాన్నే చట్టంగా చెబుతుంటారు.

ఈ అపోహ ఖరీదు ఎంతో ఒక మనిషిని చూశాక నాకు బాగా తెలిసింది. ముప్పై మూడేళ్ల ఆ యువకుడికి శాశ్వత నివాస అనుమతి వచ్చి ఏడాదయింది, గిడ్డంగిలో పని పోయి నెల గడిచింది. మిత్రుడి మాట నమ్మి, నలుగురితో ఉంటున్న ఇల్లు వదిలి, అయిదు వారాల అద్దె డిపాజిట్‌గా కట్టి, ఆరు నెలల ఒప్పందం మీద సంతకం చేసి, ఆ తరువాత నా దగ్గరికి వచ్చాడు. లెక్క సులువుగా అర్థమయ్యేందుకు ఉజ్జాయింపు అంకెలు చెబుతాను: ఫ్లాటు అద్దె నెలకు 1,200 పౌండ్లు, ఆ ప్రాంతపు గది రేటు 550 పౌండ్లు అనుకుంటే, మిగిలిన 650 పౌండ్లు ప్రతి నెలా అతడే ఎక్కడి నుంచో తేవాలి. ఆ తేడాలో కొంత భరించమని స్థానిక కౌన్సిల్‌ను అడగవచ్చు, అడిగాం కూడా. కానీ అది వారి విచక్షణ మీద, కొద్దికాలానికి ఇచ్చే సాయమే తప్ప హక్కు కాదు. సంతకానికి ముందు ఒక్క పూట వచ్చి ఉంటే, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొట్టి అయిదు నిమిషాల్లో ఆ రేటు చూపించి ఉండేవాడిని. ఆ రేట్లు కూడా 2024 ఏప్రిల్‌లో పెరిగినవే. 2025 ఏప్రిల్‌లో వాటిని పెంచకుండా అలాగే ఉంచారు. అద్దెలు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు.

ఇదే అపోహ తిరగబడి మరికొందరిని ముంచుతోంది. యూనివర్సల్ క్రెడిట్‌కు ముందున్న అద్దె సాయమైన హౌసింగ్ బెనిఫిట్ నిబంధనల ప్రకారం, ప్రైవేటు ఇంట్లో ఒకే గది తీసుకుని వంటగది, స్నానాలగది ఇతరులతో పంచుకునే ఒంటరి వ్యక్తికి యాభై ఏళ్లున్నా గది రేటే వర్తించేది. యూనివర్సల్ క్రెడిట్‌లో అలా కాదు. 35 నిండిన ఒంటరి వ్యక్తి గదిలోనే ఉన్నా, అతడి పరిమితి ఒక పడకగది ఇంటి రేటు. అసలు అద్దె అంతకంటే తక్కువయితే అసలు అద్దెనే లెక్కలోకి తీసుకుంటారు. నలభై ఒక్కేళ్ల పెద్దమనిషి ఒకరు, తన గది అద్దె గది రేటును మించిపోయిందని, క్లెయిమ్ కూడా పెట్టకుండానే ఊరి చివర ఇంకా చౌక గదికి మారడానికి పెట్టె సర్దుకున్నారు. మారనవసరం లేదని చెప్పినప్పుడు, “ఎవరూ చెప్పలేదండీ” అని ఆయన చాలాసేపు ఆ మాటే అన్నారు.

35 లోపు వారిలోనూ మినహాయింపులు ఉన్నాయి. అడగనివారికి అవి అందకుండా పోతున్నాయి. పిప్ (వైకల్యం, దీర్ఘకాల అనారోగ్యం ఉన్నవారికి ఇచ్చే భత్యం)లో దైనందిన జీవన భాగం పొందేవారు, 25 ఏళ్లు నిండేవరకు కేర్ లీవర్లు (ప్రభుత్వ సంరక్షణలో పెరిగి బయటికి వచ్చినవారు), నిరాశ్రయుల హాస్టల్లో తోడ్పాటుతో కనీసం మూడు నెలలు గడిపినవారు వీరిలో కొందరు. 2022 అక్టోబరు నుంచి గృహహింస బాధితులకు కూడా మినహాయింపు ఉంది. హింస పదహారేళ్లు నిండాక జరిగి ఉండాలి, తగిన ఆధారం చూపాలి. భర్త ఇంటి నుంచి ఒక్క సంచితో బయటపడిన ఇరవై తొమ్మిదేళ్ల అమ్మాయి, పరువు పోతుందన్న భయంతో ఆ సంగతి దరఖాస్తులో రాయనే లేదు. అమ్మా, ఆ ఒక్క వాక్యం రాయకపోతే మీకు గది రేటే మిగులుతుంది.

అపోహ: స్టూడెంట్ వీసా మీద ఉన్నా, పన్ను కడుతున్నాం కనుక క్లెయిమ్ చేయవచ్చు.

వాస్తవం: చేయకూడదు. స్టూడెంట్, గ్రాడ్యుయేట్, స్కిల్డ్ వర్కర్ వీసాల మీద సాధారణంగా “ప్రజా నిధులు పొందరాదు” అన్న షరతు ఉంటుంది. యూనివర్సల్ క్రెడిట్, హౌసింగ్ బెనిఫిట్, కౌన్సిల్ టాక్స్ రిడక్షన్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి స్థానిక ఇంటి పన్నులో ఇచ్చే తగ్గింపు) మూడూ ఆ నిధుల కిందికే వస్తాయి. పొరపాటున తీసుకున్నా వీసాకు ముప్పే. అయితే ఒంటరిగా ఉండేవారికి కౌన్సిల్ టాక్స్‌లో ఇచ్చే 25 శాతం తగ్గింపు ప్రజా నిధి కాదు కనుక దానికి భయపడి వదులుకోనక్కరలేదు.

అపోహ: రాతపూర్వక ఒప్పందం లేకపోతే దరఖాస్తు కుదరదు.

వాస్తవం: నోటిమాట అద్దె కూడా అద్దెనే, కానీ రుజువు కావాలి. నగదు ఇవ్వకండి, బ్యాంకు ద్వారా పంపండి, పంపేటప్పుడు “గది అద్దె” అని రాయండి. ఒకరి స్టేట్‌మెంట్‌లో ఎనిమిది నెలల పాటు “థాంక్స్ అన్నా” అనే ఉంది. అందులోనే కూరగాయల వాటా కూడా కలిసి ఉండడంతో అద్దె ఎంతో వేరుచేయడానికి మాకు రెండు వారాలు పట్టింది.

అపోహ: ఉద్యోగం ఉంటే ఏమీ రాదు. వాస్తవం: ఆదాయాన్ని బట్టి వస్తుంది, చేతికందే జీతంలో ప్రతి పౌండుకు సాయంలోంచి 55 పెన్నీలు తగ్గిస్తారు. పిల్లలు లేని, ఆరోగ్య కారణంగా పని పరిమితి లేని ఒంటరివారికి ఆ కోత మొదటి పౌండు నుంచే మొదలవుతుంది.

అపోహ: ఊళ్లోని స్థలం గురించి ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. వాస్తవం: భారతదేశంలోని డిపాజిట్లూ, స్థలాలూ మీ మూలధనమే, వాటిని తెలపాలి, మొత్తం 16,000 పౌండ్లు దాటితే యూనివర్సల్ క్రెడిట్ రాదు.

అపోహ: బంధువుల ఇంట్లో గది తీసుకుంటే అద్దె సాయం రానే రాదు. వాస్తవం: చట్టానికి మన వరసలు తెలియవు. సొంత అన్న అదే ఇంట్లో ఉంటూ మీకు గది అద్దెకిస్తే సాయం రాదు. బాబాయి కొడుకును కూడా మనం అన్న అనే పిలుస్తాం గానీ, చట్టం చెప్పే దగ్గరి బంధువుల జాబితాలో అతడు లేడు. అద్దె నిజంగా ఇచ్చి పుచ్చుకునేదయితే సాయం అడగవచ్చు. కనుక బంధుత్వాన్ని తెలిపే చోట “అన్న” అని రాసి వదిలేయకుండా, “తండ్రి తమ్ముడి కొడుకు” అని విడమరచి రాయండి.