ఓడితేనే లాభమా? ఎన్‌బీఏ డ్రాఫ్ట్ లాటరీ వెనుక అరవై ఏళ్ల కథ

2006 ఏప్రిల్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ పోటీ ఎన్‌బీఏలో లీగ్ దశ ముగిసిన రోజున మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్, మెంఫిస్ గ్రిజ్లీస్ తలపడ్డాయి. ఆట రెండో ఓవర్‌టైమ్ దాకా సాగింది. మిన్నెసోటా ఆటగాడు మార్క్ మాడ్సెన్ మూడు పాయింట్ల గీత బయట నిలబడి బంతి విసరడం మొదలుపెట్టాడు. అతని ఎత్తు ఆరడుగుల తొమ్మిదంగుళాలు. బుట్ట కింద తోసుకుని రీబౌండ్లు పట్టడమే అతని పని. దూరం నుంచి వేయడం అతనికి చేతకాదని ప్రేక్షకులకూ తెలుసు, కోచ్‌కూ తెలుసు. అయినా ఆ రాత్రి ఏడుసార్లు వేశాడు, ఏడూ పోయాయి. జట్టు ఓడింది.

ఆ ఓటమి వెనుక ఒక లెక్క ఉంది. పాత ఒప్పందం ప్రకారం ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, మిన్నెసోటా మొదటి రౌండ్ ఎంపిక హక్కు లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌కు వెళ్లిపోవాలి. తొలి పది స్థానాల్లో పడితే మాత్రం వెళ్లనక్కర్లేదు. గెలుపులు పెరిగితే ఆ పది దాటిపోయే ప్రమాదం ఉంది. ఓడి హక్కు నిలబెట్టుకున్నారు, ఆరో స్థానంలో బ్రాండన్ రాయ్‌ను ఎంచుకున్నారు, ఆ వెంటనే అతణ్ని పోర్ట్‌లాండ్‌కు ఇచ్చేసి రాండీ ఫోయ్‌ను తెచ్చుకున్నారు. తర్వాతి సీజన్‌లో ఉత్తమ కొత్త ఆటగాడి పురస్కారం రాయ్‌కు దక్కింది. అంత శ్రమపడి ఓడి మిన్నెసోటా సాధించింది అది!

ఇలా మంచి ఎంపిక కోసం గెలుపు మీద ఆశ వదిలేయడాన్ని అమెరికాలో ట్యాంకింగ్ అంటారు. మైదానంలో ఉన్న ఆటగాళ్లు కావాలని ఓడరు. రేపటి కాంట్రాక్టు ఈ రోజు ఆట మీద ఆధారపడి ఉన్నప్పుడు, తమ చోటు ఆక్రమించబోయే కుర్రాడి కోసం ఎవరు ఓడతారు? ఓటమి ఏర్పాటు పైనుంచి వస్తుంది. మంచివాళ్లను అమ్మేస్తారు, చిన్న నొప్పికే పెద్ద ఆటగాణ్ని పక్కన కూర్చోబెడతారు, అనుభవం లేని పిల్లలతో నాలుగో క్వార్టర్ ఆడిస్తారు. మిగతాది దానంతట అదే జరిగిపోతుంది.

ఐపీఎల్ చూసేవారికి ఇది వింతగా తోచవచ్చు. 2023లో సన్‌రైజర్స్ హైదరాబాద్ పది జట్లలో అట్టడుగున నిలిచింది. అందుకు ఎవరూ బహుమతి ఇవ్వలేదు. వేలంలో అందరికీ వర్తించే ఖర్చు పరిమితిలోనే ప్యాట్ కమిన్స్‌ను 20.5 కోట్లకు కొనుక్కుని, మరుసటి ఏడాది ఫైనల్ ఆడింది. ఎన్‌బీఏలో కొత్త కుర్రాళ్లకు వేలం లేదు. కాలేజీల నుంచి, విదేశాల నుంచి వచ్చేవారిని జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి, బలహీన జట్ల వంతు ముందు వస్తుంది. పైగా బాస్కెట్‌బాల్‌లో ఒక పక్షాన ఆడేది ఐదుగురే. ఒక అసాధారణ ఆటగాడు వస్తే జట్టు తలరాత మారిపోతుంది. లాస్ ఏంజెలెస్‌కో మయామీకో పేరున్నవారు తమంతట తామే వెళ్తారు. ఓక్లహోమా సిటీకి అలా ఎవరు వస్తారు? అక్కడివారికి డ్రాఫ్టే దారి.

తొలి రోజుల్లో సొంత ప్రాంతపు కాలేజీ కుర్రాణ్ని ముందుగానే దక్కించుకునే ప్రాంతీయ హక్కు కూడా ఉండేది. అది 1965తో ముగిసింది. 1966 నుంచి లీగ్‌లోని తూర్పు, పడమర విభాగాల్లో చివరన నిలిచిన రెండు జట్ల మధ్య నాణెం ఎగరేసి మొదటి ఎంపిక తేల్చేవారు. 1969లో ఫీనిక్స్ బొమ్మ కోరింది, బొరుసు పడింది. మిల్వాకీకి దక్కిన లూ అల్సిండర్ తర్వాత కరీమ్ అబ్దుల్ జబ్బార్‌గా పేరు మార్చుకున్నాడు. 1971లోనే మిల్వాకీ ఛాంపియన్ అయింది. ఫీనిక్స్‌కు నీల్ వాక్ మిగిలాడు. 1979లో షికాగో కూడా బొమ్మే కోరింది, అప్పుడూ బొరుసే పడింది, మ్యాజిక్ జాన్సన్ లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు వెళ్లాడు. ఆ ఏడాది లేకర్స్ ఓడిన జట్టు కూడా కాదు. న్యూ ఓర్లీన్స్ జట్టు దగ్గర సంపాదించిన హక్కు వారి చేతిలో ఉంది, అంతే.

నాణెం పద్ధతి నమ్మకం పోగొట్టుకున్నది హ్యూస్టన్ వల్ల. 1983లో నాణెం గెలిచి రాల్ఫ్ శాంప్సన్‌ను తెచ్చుకున్న ఆ జట్టు, మరుసటి సీజన్ చివర్లో మళ్లీ వరసగా ఓడిపోసాగింది. హకీమ్ ఒలజువాన్, మైకేల్ జోర్డాన్ వంటివారు రాబోతున్న డ్రాఫ్ట్ అది. సీజన్ ముగియడానికి ఒక్క ఆట ముందు, శాన్ ఆంటోనియోతో ఓవర్‌టైమ్‌కు వెళ్లిన పోటీలో కోచ్ బిల్ ఫిచ్ 38 ఏళ్ల ఎల్విన్ హేస్‌ను మొత్తం 53 నిమిషాలు ఆడించాడు. ఆ ఏడాది ఎక్కువగా బెంచీ మీదే గడిపిన మనిషి అతను. హ్యూస్టన్ ఓడింది, చివరన నిలిచింది, నాణెం మళ్లీ గెలిచింది, ఒలజువాన్‌ను తీసుకుంది. తమాషా ఏమిటంటే హేస్ ఆట మానేసేనాటికి అతని ఖాతాలో సరిగ్గా 50,000 నిమిషాలు ఉన్నాయి. ఆ మైలురాయి కోసమే ఆడించారని హ్యూస్టన్ వాదిస్తే కాదని రుజువు చేయడం కష్టం. ట్యాంకింగ్ మీద విచారణలు ఎప్పుడూ తేలకపోవడానికి ఇదే కారణం. ప్రతి ఓటమికీ నమ్మదగిన సాకు ఒకటి దొరుకుతుంది.

1985లో కమిషనర్ డేవిడ్ స్టెర్న్ నాణేన్ని తీసేసి లాటరీ పెట్టాడు. న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్‌లో, ప్లేఆఫ్‌కు వెళ్లని ఏడు జట్ల పేర్లున్న ఏడు కవర్లను ఒక డ్రమ్ములో వేసి తిప్పారు. అందరికీ సమాన అవకాశమే. మొదటి స్థానం న్యూయార్క్ నిక్స్‌కు పడింది, ప్యాట్రిక్ యూయింగ్ వారి సొంతమయ్యాడు. లీగ్‌లో పెద్ద నగరానికే పెద్ద ఆటగాడు రావడంతో, ఆ కవరును ముందే ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచారని, చేతికి చల్లగా తగిలినదాన్నే స్టెర్న్ తీశాడని పుకారు పుట్టింది. నలభై ఏళ్లయినా అది చావలేదు. అసలు అన్యాయం జరిగింది గోల్డెన్ స్టేట్‌కు. లీగ్‌లో అందరికంటే తక్కువ గెలుపులున్న రెండు జట్లలో అదొకటి. దానికి దక్కింది ఏడో స్థానం. బలహీనుణ్ని ఆదుకోవడానికి పెట్టిన డ్రాఫ్ట్ బలహీనుణ్నే వరస చివరికి నెట్టింది. దాంతో 1987లో లాటరీని తొలి మూడు స్థానాలకే పరిమితం చేశారు. 1990లో, ఎంత అధ్వానంగా ఆడితే అన్ని ఎక్కువ అవకాశాలు ఇచ్చే పద్ధతి తెచ్చారు.

అక్కడి నుంచి లీగ్ ఒక కొస నుంచి ఇంకో కొసకు ఊగుతూ వచ్చింది. 1993లో ఓర్లాండో 41 గెలిచి 41 ఓడింది. ప్లేఆఫ్ తృటిలో తప్పిపోయింది. లాటరీలో దాని వాటా 66లో ఒకటి. ఆ ఒక్కటే తగిలింది, అదీ షకీల్ ఓనీల్‌ను తెచ్చుకున్న మరుసటి ఏడాదే. గగ్గోలు పుట్టింది. 1994 నుంచి చివరి జట్టుకు 25 శాతం అవకాశం ఇచ్చారు. ఇప్పటికీ వాడుతున్న యంత్రం అప్పటిదే. 1 నుంచి 14 వరకు అంకెలున్న పింగ్‌పాంగ్ బంతుల్ని అందులో వేసి ఇరవై సెకన్లు చిలికి ఒకటి తీస్తారు, తర్వాత పదేసి సెకన్లకు ఒకటి చొప్పున మరో మూడు. నాలుగు అంకెలతో 1,001 కూర్పులు వస్తాయి. ఒకటి పక్కన పెట్టి మిగతా వెయ్యిని జట్లకు పంచుతారు. టీవీలో మనం చూసేది ఈ పని తలుపులు మూసిన గదిలో ముగిశాక వచ్చే తతంగం మాత్రమే.

అదే కాలంలో మరో మార్పు ఓటమి విలువను ఇంకా పెంచింది. 1994లో మొదటి స్థానంలో ఎంపికైన గ్లెన్ రాబిన్సన్, ఒక్క ఆటా ఆడకముందే పదేళ్లకు 6.8 కోట్ల డాలర్లు రాయించుకున్నాడు. యజమానులు బెంబేలెత్తి 1995 నుంచి కొత్తవారి జీతాలకు స్థిరమైన పట్టిక తెచ్చారు. అంటే డ్రాఫ్ట్‌లో దొరికిన మేటి ఆటగాడు ఇక తొలి ఏళ్లలో చవగ్గా దొరుకుతాడు. ఓటమి మీద ఆశ పెంచిన మార్పుల్లో లాటరీ శాతాలకంటే దీని బరువే ఎక్కువని నా అభిప్రాయం. అయినా చర్చల్లో దీని ప్రస్తావన తక్కువ.

1996-97లో అందరి కళ్లూ టిమ్ డంకన్ మీదే. బోస్టన్ 15 గెలిచి 67 ఓడింది. డల్లాస్ నుంచి వచ్చిన హక్కుతో కలిపి వారి అవకాశం దాదాపు 36 శాతం. వారికి మూడు, ఆరు స్థానాలు వచ్చాయి. డేవిడ్ రాబిన్సన్ గాయంతో ఆరు ఆటలే ఆడిన ఏడాది కాబట్టి శాన్ ఆంటోనియో కిందికి పడిపోయింది. డంకన్ వారికే దక్కాడు, ఆ తర్వాత ఐదు టైటిళ్లు వచ్చాయి. ట్యాంకింగ్‌ను సమర్థించేవారు చూపించే మొదటి ఉదాహరణ ఇదే. ఆ ఉదాహరణలో రాబిన్సన్ తిరిగి వచ్చాడన్న సంగతి మాత్రం మరిచిపోతారు. డంకన్ అడుగుపెట్టింది శిథిలమైన జట్టులోకి కాదు.

ఆ పాఠాన్ని చివరి అక్షరం దాకా అమలు చేసినవాడు శామ్ హింకీ. 2013లో ఫిలడెల్ఫియా జనరల్ మేనేజర్‌గా వచ్చీ రాగానే ఆల్‌స్టార్ జ్రూ హాలిడేను ఇచ్చేసి, మోకాలి శస్త్రచికిత్స అయిన నెర్లెన్స్ నోయెల్‌ను, మరో ఎంపిక హక్కును తీసుకున్నాడు. మొదటి సీజన్‌లో 19 గెలుపులు, వరసగా 26 ఓటములు. రెండో ఏడాది 18 గెలుపులు. ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికైన మైకేల్ కార్టర్ విలియమ్స్‌ను కూడా ఏడాది తిరగకుండానే అమ్మేశాడు. మూడో ఏడాది 10 గెలుపులు, 72 ఓటములు. 2014లో తీసుకున్న జోయెల్ ఎంబీడ్ పాదం గాయంతో రెండు సీజన్లు మైదానంలోకే దిగలేదు. అభిమానుల్లో ఒక వర్గం దీన్నంతా ఓపిగ్గా భరించి, ‘ప్రాసెస్‌ను నమ్మండి’ అనే నినాదం అందుకుంది. యజమానులకు ఆ ఓపిక లేకపోయింది. పైన మరొకర్ని కూర్చోబెట్టారు. 2016 ఏప్రిల్‌లో హింకీ పదమూడు పేజీల లేఖ రాసి తప్పుకున్నాడు.

అతను విత్తిన పంటను తర్వాతివారు కోసుకున్నారు. 2016లో మొదటి స్థానం, బెన్ సిమన్స్. 2017లో ఇంకో హక్కు అదనంగా ఇచ్చి మూడు నుంచి ఒకటికి ఎగబాకి మార్కెల్ ఫుల్ట్జ్‌ను తీసుకున్నారు. ఆ మూడో స్థానంలో బోస్టన్ జేసన్ టేటమ్‌ను పట్టుకుంది. ఎంబీడ్ 2023లో అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. కానీ 2025 దాకా చూసినా ఎంబీడ్ ఉన్న ఫిలడెల్ఫియా ప్లేఆఫ్‌లో రెండో రౌండ్ దాటలేదు. హింకీని నేను దోషిగా చూడను. నియమం చెప్పినట్టే నడుచుకున్నాడు, పైగా దాచకుండా నడుచుకున్నాడు. అయితే మూడేళ్లు ఓడడం అలవాటైన చోట ఎదిగిన కుర్రాళ్లకు గెలవడం ఎవరు నేర్పుతారన్న ప్రశ్నకు అతని లెక్కల్లో జవాబు లేదు.

ఫిలడెల్ఫియాను చూసి మిగతా యజమానులు ఉడికిపోయారు. 2014లోనే లాటరీ మార్పును ఓటుకు పెడితే 17-13తో మెజారిటీ వచ్చింది. కానీ కావలసినవి 23. రేపు మనమే అట్టడుగున ఉంటే ఎలా అన్న భయం చిన్న నగరాల జట్లను వెనక్కి లాగింది. 2017లో 28-1తో నెగ్గింది. 2019 నుంచి చివరి మూడు జట్లకూ సమానంగా 14 శాతం అవకాశం. మొదటి నాలుగు స్థానాలూ లాటరీలోనే తేలతాయి. అట్టడుగు జట్టు ఐదో స్థానం దాకా జారవచ్చు. జారే అవకాశం 47.9 శాతం.

ఫలితం విచిత్రంగా ఉంది. 2019 నుంచి 2025 దాకా ఏడు లాటరీల్లో ఒక్కసారైనా చివరి జట్టుకు మొదటి స్థానం రాలేదు. డెట్రాయిట్ 2023లో 17, 2024లో 14 గెలుపులతో లీగ్ చివరన నిలిచింది. రెండుసార్లూ ఐదో స్థానమే. దాంతో ఓటమి ఆగిందా? జరిమానాలు ఆగలేదు. ఓడిపోవడమే మనకు మేలని ఆటగాళ్లతో చెప్పినట్టు 2018లో బహిరంగంగా అన్నందుకు డల్లాస్ యజమాని మార్క్ క్యూబన్ 6 లక్షల డాలర్లు కట్టాడు. 2023లో ప్లేఆఫ్ ఆశ ఇంకా మిగిలి ఉండగానే ప్రధాన ఆటగాళ్లను పక్కన పెట్టి షికాగో చేతిలో ఓడినందుకు డల్లాస్ మరో 7.5 లక్షలు కట్టింది. తొలి పదిలో పడకపోతే వారి హక్కు న్యూయార్క్‌కు వెళ్లేది. పదో స్థానం నిలిచింది. దాన్ని ఓక్లహోమాకు ఇచ్చి పన్నెండో స్థానంలో డెరెక్ లైవ్లీని తెచ్చుకున్నారు, 2024లో అతనితో ఫైనల్ ఆడారు. ఆ జరిమానా వారికి ఖర్చుగా కాక పెట్టుబడిగా తోచి ఉంటే తప్పు పట్టలేం.

మరి తడబడుతున్న జట్టు ఓడిపోవాలా? ఇటీవలి విజేతల్ని చూస్తే ఆ లెక్క అంత సూటిగా లేదు. 2021లో గెలిచిన మిల్వాకీ తన మేటి ఆటగాడు యానిస్ అంటెటోకున్‌పోను తీసుకున్నది పదిహేనో స్థానంలో. 2023 డెన్వర్ నికోలా యోకిచ్‌ను తీసుకున్నది 41వ స్థానంలో. గోల్డెన్ స్టేట్‌కు స్టెఫన్ కరీ ఏడో స్థానంలో, డ్రేమండ్ గ్రీన్ 35లో దొరికారు. 2024 విజేత బోస్టన్ కథ మరీ విడ్డూరం. 2013లో ముసలి తారల్ని అమ్మి బ్రూక్లిన్ నుంచి వరస హక్కులు రాయించుకుంది. బ్రూక్లిన్ ఓడుతూ పోయింది. జేలెన్ బ్రౌన్, టేటమ్ ఇద్దరూ ఆ హక్కుల పుణ్యమే. ఓడింది ఒకరు, పండింది ఇంకొకరికి. 2025 విజేత ఓక్లహోమా కొంతకాలం నిజంగానే ఓడింది. 2021 డిసెంబరులో మెంఫిస్ చేతిలో 73 పాయింట్ల తేడాతో ఓడి లీగ్ చరిత్రకెక్కింది కూడా. చెట్ హోమ్‌గ్రెన్ ఆ ఓటముల ఫలమే. కానీ షే గిల్జస్ అలెగ్జాండర్‌ వచ్చింది పాల్ జార్జ్‌ను క్లిప్పర్స్‌కు ఇచ్చిన బేరంలో. జేలెన్ విలియమ్స్‌ను ఎంచుకున్నది ఆ బేరంలో దక్కిన హక్కుతో.

డ్రాఫ్ట్ వరసకూ ఓటములకూ ఉన్న ముడిని పూర్తిగా తెంచే ఆలోచనా వచ్చింది. బోస్టన్ అధికారి మైక్ జారెన్ ఒక చక్రం గీశాడు. ముప్పై ఏళ్లలో ప్రతి జట్టుకూ ప్రతి స్థానం ఒక్కసారి, ముందే రాసిపెట్టిన క్రమంలో. ఓడినా గెలిచినా అదే. అయితే ఏ ఏడాది ఎవరికి మొదటి వంతో ముందే తెలిస్తే, గొప్ప కుర్రాడు నచ్చిన జట్టు వంతు వచ్చేదాకా కాలేజీలోనే కూర్చుంటాడని అభ్యంతరం వచ్చింది. ప్రతిపాదన పక్కకు పోయింది.

2025 లాటరీలో 1.8 శాతం అవకాశమున్న డల్లాస్‌కు మొదటి స్థానం పడింది, కూపర్ ఫ్లాగ్ దొరికాడు. లూకా డాన్చిచ్‌ను లేకర్స్‌కు ఇచ్చి అభిమానుల తిట్లు తిన్న మూడు నెలలకే ఆ అదృష్టం. లౌరి మార్కనెన్‌ను ఆడించనందుకు లక్ష డాలర్ల జరిమానా కట్టి మరీ 17 గెలుపులతో చివరన నిలిచిన యూటా, ఐదో స్థానానికి జారింది. 2025-26 సీజన్‌లో అడుగుపెట్టేటప్పుడు ఆ జట్టు మెడలో ఇంకో పాత ఒప్పందం వేలాడుతూ ఉంది. 2026లో దాని మొదటి రౌండ్ ఎంపిక తొలి ఎనిమిదిలో పడితే యూటా దగ్గరే ఉండాలి, దాటితే 2025 ఛాంపియన్ ఓక్లహోమాకు వెళ్లిపోవాలి అన్నది ఆ ఒప్పందం.