చుక్కలున్న చోటే మళ్లీ రెండర్ చేయండి

త్రీడీ బొమ్మ ఒకటి గంటలకొద్దీ రెండర్ అయ్యాక (అంటే కంప్యూటర్ సీన్‌లోని వెలుగును లెక్కగట్టి బొమ్మ తయారుచేశాక), గోడ, నేల, ఆకాశం అన్నీ శుభ్రంగా వచ్చి, టేబుల్ మీది గాజు గ్లాసు దగ్గర మాత్రం ఎవరో ఇసుక చల్లినట్టు చుక్కలు కనిపిస్తే చాలామంది వెంటనే శాంపిళ్లు (ఒక్కో పిక్సెల్‌కి పంపే కిరణాలు) పెంచి మొత్తం బొమ్మను మళ్లీ రెండర్‌కి పెట్టేస్తారు. నాకు ఇది చూస్తే నిజంగా బాధేస్తుంది. ఆ టైమంతా దాదాపుగా అప్పటికే బాగున్న గోడ మీదే ఖర్చవుతుంది.

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోని సైకిల్స్ లాంటి రెండర్ ఇంజిన్లు పాత్ ట్రేసింగ్ పద్ధతిలో పనిచేస్తాయి. దీని మూలం జేమ్స్ కజియా 1986లో రాసిన రెండరింగ్ సమీకరణం పేపర్‌లో ఉంది. ఒక్కో పిక్సెల్ నుంచి సీన్‌లోకి కిరణాలు పంపి, అవి యాదృచ్ఛికంగా ఎటెటో తగిలి తెచ్చిన వెలుగుకు సగటు తీస్తారు. పాచిక నాలుగుసార్లు వేస్తే సగటు 2 రావచ్చు, 5 రావచ్చు, వెయ్యిసార్లు వేస్తే 3.5 దగ్గర కుదురుకుంటుంది. పక్కపక్క పిక్సెళ్ల సగటులు ఇంకా కుదురుకోకపోతే మనకు కనిపించేదే నాయిజ్. ఇక్కడ లెక్క చాలా మొండిది: నాయిజ్ సగం కావాలంటే శాంపిళ్లు 4 రెట్లు, నాలుగో వంతు కావాలంటే 16 రెట్లు.

ఎండ పడే గోడ దగ్గర ఏ కిరణం వెళ్లినా దాదాపు ఒకే జవాబు తెస్తుంది. గాజు వెనక చిన్న దీపం ఉంటే మాత్రం వందల కిరణాలు ఖాళీ చేతులతో వచ్చి, ఎక్కడో ఒకటి దీపాన్ని పట్టుకుని ఒక్కసారిగా బోలెడు వెలుగు తెస్తుంది, ఆ పిక్సెల్ తెల్లగా మెరుస్తుంది. దీన్నే ఫైర్‌ఫ్లై అంటారు.

1920×1080 బొమ్మలో 20,73,600 పిక్సెళ్లు. 256 శాంపిళ్లతో అయితే సుమారు 53 కోట్ల శాంపిళ్లు, 4096తో అయితే 849 కోట్లు. అదే మొత్తం బొమ్మను 256తో తీసి, చుక్కలున్న పదో వంతును మాత్రం 4096తో మళ్లీ తీస్తే 138 కోట్లతో అయిపోతుంది, అంటే ఆరో వంతు పని. టైమ్ సరిగ్గా అంతే తగ్గుతుందని అనుకోకండి, గాజులో కిరణం ఎక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి అక్కడ ఒక్కో శాంపిల్ ఖరీదే. అయినా తేడా పెద్దదే.

బ్లెండర్‌లో కెమెరా వ్యూలో కంట్రోల్ బి నొక్కి, కావాల్సిన చోట పెట్టె గీస్తే చాలు. క్రాప్ ఆప్షన్ ఆఫ్‌లో ఉంచితే ఫ్రేమ్ సైజు మారదు, కొత్త ముక్క పాత బొమ్మ మీద సరిగ్గా కూర్చుంటుంది. పెట్టె బయటి వస్తువుల వెలుగు, ప్రతిబింబాలు పోతాయేమోనన్న టెన్షన్ వద్దు: కిరణాలు మొదలయ్యేది పెట్టెలోంచే, తిరిగేది మాత్రం సీన్ అంతా.

బొమ్మను చిన్న చిన్న ముక్కలుగా తీసే టైల్ రెండరింగ్‌నీ దీన్నీ కలిపేయకండి. టైల్స్ మెమరీ సర్దుబాటు కోసం, శాంపిళ్లు అన్నిచోట్లా అవే కాబట్టి వాటితో నాయిజ్ తగ్గదు. మరి శాంపిళ్లను చోటుని బట్టి పంచే అడాప్టివ్ శాంప్లింగ్ ఉందిగా అంటారేమో. ఉంది, వాడాలి కూడా. కాకపోతే మొదటి కొన్ని కిరణాల్లో ఒక్కటీ దీపాన్ని పట్టుకోకపోతే, ఆ పిక్సెల్ నల్లగా, శుభ్రంగా కనిపించి ముందే ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. అలాంటి చోటు మన కంటికే ముందు తెలుస్తుంది.

మిగిలిన నాయిజ్‌ను తుడిచే డీనాయిజర్‌ను మాత్రం పాత బొమ్మ, కొత్త ముక్క కలిపాకే నడపండి. అది చుట్టుపక్కల పిక్సెళ్లను చూసి ఊహిస్తుంది, పెట్టె అంచున ఒక పక్క పిక్సెళ్లే ఉండవు కాబట్టి అతుకు గీత తేలుతుంది. పెట్టెను కొంచెం పెద్దగా గీసి అంచులు మెల్లగా కలిసేలా చేస్తే ఇంకా మంచిది. పాత, కొత్త ముక్కల సగటు తీసుకునేటట్టయితే సీడ్ సంఖ్య (కిరణాలు యాదృచ్ఛికంగా ఎటు వెళ్లాలో నిర్ణయించే అంకె) మార్చండి, లేకపోతే అవే కిరణాలు మళ్లీ వచ్చి లాభం ఉండదు.

గ్లాసు రంగే మార్చి ఉంటే మాత్రం పెట్టె గ్లాసు వరకే సరిపోదు. దాని నీడ ఎక్కడ పడిందో, ఏ అద్దంలో కనిపిస్తోందో వెతికి అక్కడ కూడా గీయాలి.