బంగాళాఖాతానికి ఎన్ని బస్తాల సున్నం? రొయ్యల చెరువు గట్ల మీద వినే అపోహలు

గంజాం జిల్లాలో రొయ్యల చెరువులకు నీటి పరీక్షలు చేయడం నా పని. పీహెచ్ అంటే (నీళ్లు ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 7కి కింద ఆమ్లం, పైన క్షారం) ఏంటో మా రైతులకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే సముద్రం ఆమ్లీకరణ, అంటే గాల్లోని కార్బన్ డయాక్సైడ్ కలిసి సముద్రపు నీళ్ల పీహెచ్ తగ్గడం, ఆ మాట ఎత్తగానే తలా ఒకటి అంటారు.

అపోహ: సముద్రం యాసిడ్ అయిపోయింది.
కాలేదు. పరిశ్రమలు రాకముందు సుమారు 8.2 ఉన్న పీహెచ్ ఇప్పుడు 8.1 దగ్గరుంది. ఇంకా క్షారమే, కానీ దిగుతోంది.

అపోహ: 0.1కే అంత టెన్షనా? మా చెరువులో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఉంటుంది కదా!
మంచి ప్రశ్నే. చెరువులో నాచు పగలు ఎండకి కార్బన్ డయాక్సైడ్‌ని లాక్కుంటుంది, పీహెచ్ పెరుగుతుంది, రాత్రి అన్నీ ఊపిరి వదిలితే తగ్గుతుంది, మర్నాడు మళ్లీ మామూలే. సముద్రంలో సగటే కిందికి జారింది. పైగా పీహెచ్‌లో 0.1 తగ్గితే హైడ్రోజన్ అయాన్లు నాలుగో వంతుకు పైగా పెరిగినట్టు. అవి నీళ్లలోని కార్బొనేట్‌ను పట్టేసుకుంటాయి. ఆల్చిప్పలు, పగడాలు గుల్ల కట్టుకోవాలంటే కావాల్సింది ఆ కార్బొనేటే. అమెరికా పశ్చిమ తీరంలో 2007 ప్రాంతంలో హేచరీల్లో (పిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రాల్లో) ఆల్చిప్ప పిల్లలు కుప్పలుగా చచ్చిపోతే మొదట రోగమనుకున్నారు, తీరా చూస్తే తోడుకున్న సముద్రపు నీళ్లే కారణం. (అలాగని మీ సీడ్, అంటే రొయ్య పిల్లలు, పోయిన ప్రతిసారీ సముద్రం మీదికి తోసేయకండి.)

అపోహ: చెరువులో పీహెచ్ పెంచడానికి చల్లినట్టు సముద్రంలోనూ సున్నం చల్లితే పోతుంది.
ఆ హేచరీల వాళ్లు తోడిన నీళ్లలో సోడా యాష్ (సోడియం కార్బొనేట్) కలిపి గట్టెక్కారు, నిజమే. ట్యాంకు సంగతి వేరు, బంగాళాఖాతం సంగతి వేరు. పైగా సున్నం ఊరికే రాదు. టన్ను సున్నం కావాలంటే రాయి కాల్చినప్పుడు ఆ రాయిలోంచే ముప్పావు టన్నుకు మించి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, బట్టీ పొగ అదనం. ఆ గ్యాస్‌ను పట్టి ఉంచగలిగితే పనికొస్తుందేమోనని పరిశోధనలు నడుస్తున్నాయి, కొట్టిపారేయను.

అపోహ: మురుగు ఆపితే చాలు.
మురుగు ఆపాల్సిందే. అది కుళ్లిన చోట తీరం నీళ్ల పీహెచ్ తగ్గుతుంది. కానీ అసలు బరువు గాలి నుంచే, మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు సముద్రమే మింగుతోంది.

అపోహ: కార్బన్ పాలసీలు ఢిల్లీవాళ్ల గోల.
అల్యూమినియం, స్టీలు ఫ్యాక్టరీలున్న ఒడిశాలో కూర్చుని ఈ మాటా? యూరప్ 2026 జనవరి నుంచి ఆ సరుకుల దిగుమతికి, వాటి తయారీలో వదిలిన కార్బన్‌ని బట్టి ఛార్జీ లెక్క కడుతోంది. మన దేశం కూడా 2023లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం (లక్ష్యం కంటే తక్కువ పొగ వదిలినవాళ్లు క్రెడిట్లు అమ్ముకోవచ్చు, మించినవాళ్లు కొనాలి) తెచ్చింది. అందులో ఫ్యాక్టరీలకు పెట్టేది టన్ను సరుకుకు ఎంత పొగ అన్న లక్ష్యం. నాకు నచ్చనిది అక్కడే. టన్నుకి తగ్గినా టన్నులు పెరిగితే మొత్తం పొగ పెరగొచ్చు, సముద్రానికి తగిలేది మొత్తమే. ఇక నెట్ జీరో (వదిలినంత కార్బన్‌ని తిరిగి పట్టేసే స్థితి) 2070కి అన్నారు, అప్పటికి నేనుండను.

మొన్న గోపాలపూర్ ఒడ్డున వల కుట్టుకుంటున్న తాత అడిగాడు, "పొగ ఆపేస్తే నీళ్లు మళ్లీ ఎప్పటికి బాగవుతాయి బాబూ?" అని. పైనీళ్లు లోతు నీళ్లతో కలవడానికే వందల ఏళ్లు, ఆ తర్వాత అడుగున పేరుకున్న గుల్లల మన్ను కరిగి సర్దుకోవడానికి వేల ఏళ్లు పడుతుందని చెప్పాను. కాసేపు ఆలోచించాడు.

"అయితే గంగమ్మ తన సున్నం తనే చల్లుకుంటాదన్నమాట. మనం ఉండం, అంతే కదా."